కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వారి డీఎన్‌ఏ బార్‌కోడింగ్ పాఠం: మన కాలేజీ ల్యాబుకి పనికొస్తుందా?

ఇంటర్, డిగ్రీ స్థాయిలో జన్యుశాస్త్రం చెప్పేవాళ్లకి నెట్‌లో ఉచితంగా దొరికే సామగ్రిలో ఎక్కువ భాగం బొమ్మలే. డీఎన్‌ఏ మెలిక గిర్రున తిరుగుతుంది, రంగులు మారుతాయి, చివర్లో నాలుగు బిట్లు అడుగుతారు, అయిపోయింది. అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఉన్న కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ లేబొరేటరీ వారి డీఎన్‌ఏ లెర్నింగ్ సెంటర్ ఇచ్చే బార్‌కోడింగ్ (చిన్న డీఎన్‌ఏ ముక్క చదివి జాతిని గుర్తించడం) పాఠం ఆ కోవలోది కాదు. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీయడం, పీసీఆర్ (కావాల్సిన ముక్కకి లక్షల కాపీలు తీయడం), జెల్ (ముక్కల పొడవు చూడటం), సీక్వెన్సింగ్ (బేసుల వరుస చదివించడం), వచ్చిన సీక్వెన్స్‌ని కంప్యూటర్లో చదవడం దాకా అంతా విద్యార్థి చేతే చేయిస్తుంది. ప్రోటోకాల్, అంటే ప్రయోగ విధానం, ఉచితం. విశ్లేషణకి వాడే డీఎన్‌ఏ సబ్‌వే అనే వెబ్ సాధనమూ ఉచితమే. రసాయనాలు, సీక్వెన్సింగ్ ఖర్చు మాత్రం మనవి. తీర్పు ముందే చెప్పేస్తే: ల్యాబ్ పని భాగం చాలా బాగుంది, సబ్‌వే పాఠం చెప్పడానికి బాగుంది, మన సీక్వెన్స్‌ని ఇప్పటికే నమోదైన సీక్వెన్సులతో పోల్చే బ్లాస్ట్ పేజీ దగ్గర మాత్రం పక్కన లెక్చరర్ లేకపోతే పిల్లలు తప్పు పేరు రాసుకుని వెళ్లిపోతారు.

ఈ సెంటర్‌ని 1988లో మొదలుపెట్టింది డేవిడ్ మిక్లోస్. అది కూడా ఊళ్లోని ఒక పాత బడి భవనంలో. అంతకు ముందు నుంచే సామాన్లన్నీ వ్యాన్లో వేసుకుని హైస్కూల్ టీచర్ల దగ్గరికి వెళ్లి ప్లాస్మిడ్లు (బ్యాక్టీరియాలోని గుండ్రటి డీఎన్‌ఏ), రెస్ట్రిక్షన్ ఎంజైములతో (డీఎన్‌ఏని కత్తిరించేవి) శిక్షణ ఇచ్చేవారు. ఆ రోజుల్లో అవి పరిశోధకులు మాత్రమే ముట్టుకునే పనులు. ప్రజలకి సైన్స్ చెప్పడం అంటే ఉపన్యాసమో, మ్యూజియం బొమ్మో అనుకునే కాలంలో, పైపెట్ పట్టిస్తే తప్ప అర్థం కాదు అన్న పట్టు మీద ఆయన దశాబ్దాల పాటు నడిచాడు. ఆ పట్టు ఈ ప్రోటోకాల్లో అడుగడుగునా కనిపిస్తుంది. ల్యాబ్ చేయి తిరగని మనిషి ఎక్కడ తడబడతాడో అక్కడే జాగ్రత్త పెట్టారు.

బార్‌కోడింగ్ ఆలోచన మాత్రం మిక్లోస్‌ది కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. జంతువుల మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో దాదాపు 650 బేసుల ముక్క చదివితే జాతిని గుర్తించవచ్చన్నది దాని సారం. మొక్కల్లో ఆ జన్యువు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి పనికిరాదు. 2009లో మొక్కల కోసం క్లోరోప్లాస్ట్ జన్యువులైన ఆర్‌బీసీఎల్, మాట్‌కే జంటని ఖరారు చేశారు. తరగతి గదికి వీటిలో ఆర్‌బీసీఎల్ చాలు. ఒకే ప్రైమర్ జతతో (ప్రైమర్ అంటే కాపీ మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్క) దాదాపు అన్ని మొక్కల్లోనూ పీసీఆర్ పనిచేస్తుంది. మాట్‌కే అంత సులువుగా లొంగదు.

ఇక పని. లేత ఆకు ముక్క 10 నుంచి 20 మిల్లీగ్రాములు, అంటే చిటికెన వేలి గోరులో సగం కూడా ఉండదు. దాన్ని 1.5 మిల్లీలీటర్ల ట్యూబులో వేసి, 300 మైక్రోలీటర్ల లైసిస్ ద్రావణం పోసి, ప్లాస్టిక్ రోకలితో కనీసం 2 నిమిషాలు నూరాలి. 65 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో పూర్తి వేగంతో 1 నిమిషం తిప్పాలి. పైన తేరిన ద్రవం 150 మైక్రోలీటర్లు కొత్త ట్యూబులోకి తీసి, సిలికా రెసిన్ 3 మైక్రోలీటర్లు కలిపి, 57 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు పెట్టాలి. 30 సెకన్లు తిప్పి పై ద్రవం పారబోసి, మంచు మీద చల్లబరిచిన వాష్ బఫర్ 500 మైక్రోలీటర్లతో రెండుసార్లు కడగాలి. చివరికి 100 మైక్రోలీటర్ల శుద్ధ నీరు పోసి, మళ్లీ 57 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, తిప్పి, పైన తేలిన 90 మైక్రోలీటర్లు దాచుకోవాలి. మొత్తం గంటన్నర పని, ఒక ప్రాక్టికల్ క్లాసులో పడుతుంది.

ఇందులో ఫినాల్ లేదు, క్లోరోఫామ్ లేదు, లిక్విడ్ నైట్రోజన్ అసలే లేదు. మన డిగ్రీ కాలేజీలకి ఇదే పెద్ద ఊరట. లైసిస్ ద్రావణం 6 మోలార్ గువానిడిన్ హైడ్రోక్లోరైడ్. కిట్ దిగుమతి చేసుకోనక్కర్లేదు: 57.3 గ్రాముల పొడిని నీళ్లలో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లకి తెస్తే సరిపోతుంది. కరిగేటప్పుడు బీకరు చల్లబడిపోయి కరగడం ఆగినట్టు అనిపిస్తుంది, కొద్దిగా వెచ్చబెట్టి కలిపితే తేటపడుతుంది. గువానిడిన్ కణాలని పగలగొడుతుంది, ప్రొటీన్లని విప్పేస్తుంది, పైగా అంత గాఢత ఉన్నప్పుడు డీఎన్‌ఏ సిలికాకి అంటుకుంటుంది. నీళ్లు పోసేసరికి విడిపోతుంది. ఈ ఒక్క సూత్రం బోర్డు మీద వివరిస్తే ఏ దశ ఎందుకో పిల్లలకి బట్టీ పట్టకుండానే గుర్తుంటుంది. వాడేసిన గువానిడిన్ వ్యర్థాన్ని బ్లీచింగ్ ద్రావణంతో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువులు వస్తాయి. బల్లలు బ్లీచ్‌తో తుడిచే అలవాటున్న ల్యాబుల్లో ఈ మాట అటెండర్‌కి కూడా చెప్పి ఉంచాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. మొదటిది ఆకు మోతాదు. ఎక్కువ వేస్తే ఎక్కువ డీఎన్‌ఏ వస్తుందనుకుని పిల్లలు అరచేతి ముక్క కుక్కేస్తారు. నిజానికి దానితోపాటు పాలీఫినాల్స్, జిగురు కూడా వచ్చి పీసీఆర్‌ని ఆపేస్తాయి. రెండోది సిలికా రెసిన్. అది బరువు, నిమిషంలో అడుగున మడ్డిలా దిగిపోతుంది. ప్రతి ట్యూబుకీ ముందు బాగా కలిపి తీయకపోతే మొదటి నలుగురికి రెసిన్, మిగతా క్లాసుకి ఉత్త నీళ్లు వెళ్తాయి. మూడోది చివరి వాష్ తర్వాత మిగిలే చుక్క. దాంట్లో ఎథనాల్ ఉంటుంది. ఇంకోసారి కొద్దిసేపు తిప్పి, 10 మైక్రోలీటర్ల పైపెట్‌తో ఆ చుక్కని కూడా లాగెయ్యాలి. ప్రోటోకాల్ ఈ మాట చెప్పింది కానీ హడావిడిలో ఎవరూ చదవరు. ఇక ఆఖర్న 100 పోసి 90 మాత్రమే తీయమనడం ఊరికే కాదు, ఆ 10 వదిలేస్తేనే సిలికా పొడి పైకి రాకుండా ఉంటుంది. పీసీఆర్ ట్యూబులో సిలికా పడితే డీఎన్‌ఏ మళ్లీ దానికే అంటుకుంటుంది.

మొక్క ఎంపిక మీద ప్రోటోకాల్ పెద్దగా మాట్లాడదు. మన దగ్గర అదే ముఖ్యం. వేప చిగురు, టమాటా, వంగ, వరి లేత ఆకు హాయిగా వస్తాయి. మామిడి, జామ, చింత ఆకుల్లో ట్యానిన్లు ఎక్కువ. మందార, బెండ, గోంగూర ఒకే కుటుంబం, నూరగానే జిగురు సాగుతుంది. అలాంటివి తప్పదనుకుంటే చిన్న ముక్క తీసుకుని, వచ్చిన డీఎన్‌ఏని 10 రెట్లు పలచన చేసి పీసీఆర్‌లో వేయాలి. పలచన చేస్తే జెల్ మీద బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) రావడం వింతగా అనిపిస్తుంది గానీ, డీఎన్‌ఏ తగ్గినా అడ్డుపడే పదార్థాలు కూడా అంతే తగ్గుతాయి, పీసీఆర్‌కి ఆ కాస్త డీఎన్‌ఏ చాలు. చేపల మార్కెట్ నుంచి కొర్రమీను, పండుగప్ప లాంటివి తెస్తే చర్మం కాకుండా లోపలి కండ తీసుకోవాలి, పైన వేరే చేపల జిగురు అంటుకుని ఉంటుంది. డబ్బా చేపలతో మొదలుపెట్టొద్దు. వేడికి డీఎన్‌ఏ ముక్కలై 650 బేసుల పొడవు దొరకదు. అడవుల్లోంచి, రక్షిత జాతుల నుంచి నమూనాలు తేవడం మాట అస్సలు తలపెట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

పీసీఆర్ దగ్గర మిక్లోస్ బృందం చేసిన తెలివైన పని ఒకటుంది. ఎంజైము, న్యూక్లియోటైడ్లు, బఫర్ అన్నీ ఎండబెట్టి గుళికగా చేసిన రెడీ-టు-గో ట్యూబులు వాడతారు. దాంట్లో ప్రైమర్లూ రంగూ కలిపిన ద్రావణం 23 మైక్రోలీటర్లు, డీఎన్‌ఏ 2 మైక్రోలీటర్లు. అంతే. పిల్లాడు చేసే పైపెటింగ్ రెండుసార్లే, తప్పుకి చోటు అంత తక్కువ. రంగు ముందే ఉండటం వల్ల తర్వాత జెల్ మీద నేరుగా పోసెయ్యవచ్చు. గుళికలు ఫ్రీజర్ లేకున్నా నిలవ ఉంటాయి గానీ తేమకి ఆగవు. విశాఖ, కాకినాడ గాలిలో రేకు సంచి విప్పి గంట వదిలేస్తే గుళిక మెత్తబడి ట్యూబు గోడకి అంటుకుంటుంది. ఎన్ని కావాలో అన్నే కోసి, మిగతావి సిలికా జెల్ పొట్లంతో సహా వెంటనే మూసెయ్యాలి. గుళికలు ఖరీదనుకుంటే మామూలు 2ఎక్స్ మాస్టర్ మిక్స్ (ఎంజైము, న్యూక్లియోటైడ్లు, బఫర్ కలిపిన ద్రావణం) 12.5, ప్రైమర్-రంగు ద్రావణం 10.5, డీఎన్‌ఏ 2 మైక్రోలీటర్లు వేసినా ఫలితంలో తేడా ఉండదు. చల్లగా ఉంచాల్సిన బాధ్యత మాత్రం మనమీద పడుతుంది.

ఆర్‌బీసీఎల్‌కి మెషిన్ సెట్టింగ్: 94 డిగ్రీల దగ్గర 1 నిమిషం, ఆ తర్వాత 94 దగ్గర 15 సెకన్లు, 54 దగ్గర 15, 72 దగ్గర 30, ఇలా 35 చుట్లు. లెక్కకి 35 నిమిషాలే, కానీ పాత మెషిన్లు వేడెక్కి చల్లారడానికే అంతకు మించి తీసుకుంటాయి. గంటన్నర, రెండు గంటలు వేసుకోండి. మధ్యలో కరెంటు పోయి వస్తే కొన్ని మెషిన్లు ఆగిన చోట నుంచి నడుస్తాయి, కొన్ని నడవవు, కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. ఒక ట్యూబులో డీఎన్‌ఏ బదులు నీళ్లు వేయించడం మర్చిపోవద్దు. ఆ నీళ్ల ట్యూబులోనూ బ్యాండ్ వస్తే ఆ రోజు ఫలితాలన్నీ చెత్తబుట్టకే, ఎవరిదో ఆకు అందరి ట్యూబుల్లోకీ వెళ్లిందని అర్థం.

జెల్ 2 శాతం అగరోజ్, అంటే 100 మిల్లీలీటర్ల టీబీఈ బఫర్‌కి 2 గ్రాములు. 5 మైక్రోలీటర్లు పోస్తే చాలు, మిగతాది సీక్వెన్సింగ్‌కి కావాలి. పొడవు పోల్చుకోవడానికి పక్కన వాళ్లు వాడే మార్కర్ బీఎస్‌టీఎన్‌వన్ (BstNI) అనే ఎంజైముతో కత్తిరించిన పీబీఆర్322 ప్లాస్మిడ్. దాని బ్యాండ్లు 1857, 1058, 929, 383, 121 బేసులు. ఆర్‌బీసీఎల్ దాదాపు 600, సీఓఐ దాదాపు 700, రెండూ 929కీ 383కీ మధ్య ఖాళీలో పడతాయి. చదవడానికి ఇంత తేలికైన మార్కర్ ఎంచుకోవడం కూడా బోధన మీద పట్టున్నవాళ్ల పనే. 100 కింద మసగ్గా కనిపించేది ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కున్న చెత్త, దాన్ని చూసి సంబరపడొద్దు. మామూలు 100 బేసుల ల్యాడర్ ఉన్నా ఇబ్బంది లేదు.

సీక్వెన్సింగ్ కాలేజీలో కాదు, బయట చేయించాలి. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఈ సేవ ఇచ్చే సంస్థలు ఉన్నాయి, దేశంలోనే చేయించుకోవడం మేలు. జీవ నమూనాలు విదేశాలకి పంపితే 2002 జీవ వైవిధ్య చట్టం కింద అనుమతుల వ్యవహారం మొదలవుతుంది. రెండు వైపుల నుంచీ చదివించాలి. ఒక వైపు డబ్బు మిగిల్చితే, ఆ ఒక్క రీడ్‌లో (ఒక వైపు నుంచి చదివిన సీక్వెన్స్) మొదటి 30-40 బేసులు ఎటూ గజిబిజిగా ఉంటాయి, చివర్న మళ్లీ నాణ్యత పడిపోతుంది, తప్పు పట్టుకోవడానికి పోల్చి చూసే రెండో రీడ్ ఉండదు. చేపలకి వాళ్లిచ్చే ప్రైమర్ల మిశ్రమానికి చివర్లలో ఎం13 అనే, అన్నిటికీ ఒకేలా ఉండే తోక ఉంటుంది. కాబట్టి సంస్థకి ఫారం నింపేటప్పుడు సీక్వెన్సింగ్ ప్రైమర్‌గా ఎం13 అని రాయాలి. అక్కడ పీసీఆర్ ప్రైమర్ పేరు రాస్తే, మిశ్రమంలోని ఏ ప్రైమర్‌తో మీ ముక్క పెరిగిందో తెలియదు కాబట్టి, రీడ్ చెడిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు సబ్‌వే. మెట్రో పటంలా గీసిన పేజీ, ఒక్కో రంగు లైన్ ఒక్కో పని, ఒక్కో స్టేషన్ ఒక్కో సాఫ్ట్‌వేర్. బార్‌కోడింగ్‌కి నీలం లైన్. అతిథిగా కూడా లోపలికి వెళ్లవచ్చు. రీడ్ల ఫైళ్లు ఎక్కించి వ్యూయర్ తెరిస్తే శిఖరాలు కనిపిస్తాయి, వాటి కింద ప్రతి బేసుకీ నాణ్యత స్కోరు. 20 అంటే వందకి ఒక తప్పు, 30 అంటే వెయ్యికి ఒకటి. ఈ పేజీ మీద ఒక క్లాసు మొత్తం గడపవచ్చు, గడపాలి కూడా. రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి మొదటి నుంచి చివరి దాకా ఉంటే కలుషితమైన నమూనా, ఒక చోట నుంచి మాత్రమే మొదలైతే వేరే కారణం వెతకాలి.

తర్వాత ట్రిమ్మర్ చివర్లలోని ఎన్‌లని (ఏ బేసో తేలని చోట వచ్చే N అక్షరాలు) కోసేస్తుంది. పెయిర్ బిల్డర్‌లో ముందు రీడ్, వెనక రీడ్ జత చేసేటప్పుడు వెనక దాని పక్కనున్న ఎఫ్ మీద నొక్కి ఆర్‌గా మార్చాలి. సబ్‌వేలో అందరూ చేసే తప్పు ఇదే: మార్చకుండా ముందుకెళ్తే రెండూ కలవవు, రెండు రీడ్లనీ కలిపి చూపే కన్సెన్సస్ పేజీ నిండా పసుపు మచ్చలే. సీక్వెన్సింగ్ చెడిపోయిందని సంస్థకి ఫోన్ చేసే ముందు ఆ అక్షరం చూసుకోండి. సరిగ్గా మార్చాక మిగిలే కొద్ది పసుపు చోట్లని శిఖరాలు చూసి చేత్తో నిర్ణయించాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ మన బదులు తీర్పు చెప్పదు, అది దాని గొప్పతనం.

బ్లాస్ట్ స్టేషన్ దగ్గర ఆ గొప్పతనం సగం పోతుంది. ఫలితాలు పట్టికగా వస్తాయి, పైన ఉన్న పేరుని పిల్లలు జవాబు అనుకుంటారు. ఈ-విలువ (అంత పోలిక యాదృచ్ఛికంగా దొరికే అవకాశం చెప్పే అంకె) పై ఇరవై వరుసలకీ సున్నాయే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు. చూడాల్సింది మిస్‌మ్యాచ్‌ల (కలవని బేసుల) లెక్క. వేపకీ తురక వేపకీ కుటుంబం ఒకటే అయినా ప్రజాతులు వేరు కాబట్టి ఆర్‌బీసీఎల్ సాధారణంగా తేడా పట్టిస్తుంది. అదే పసుపు, కస్తూరి పసుపు లాంటి ఒకే ప్రజాతి మొక్కల మధ్య తేడా అతి స్వల్పం, ఒక్కోసారి ఏమీ ఉండదు. సున్నా మిస్‌మ్యాచ్‌తో నాలుగు జాతులు వరసగా కనిపిస్తే జవాబు ప్రజాతి వరకే, నాలుగింట్లో మొదటిది కాదు. పైగా బ్లాస్ట్ వెతికే సీక్వెన్సుల భాండాగారం జెన్‌బ్యాంక్‌లో ఎవరు పెట్టిన పేరు వాళ్లదే, తప్పుగా గుర్తించిన మొక్కల సీక్వెన్సులూ ఉన్నాయి. మన ప్రాంతపు జాతి అసలు అందులో లేకపోవడమూ మామూలే. అప్పుడు దాని దగ్గరి బంధువు పైన కూర్చుంటుంది. సబ్‌వే ఈ హెచ్చరికని పేజీ మీదే ఎర్ర అక్షరాల్లో పెట్టి ఉంటే బాగుండేది. జంతువుల సీక్వెన్స్‌ని గ్వెల్ఫ్ వాళ్ల బోల్డ్ డేటాబేస్‌లో కూడా వేసి చూసుకోవడం మంచిది.

జాతుల చుట్టరికం చూపే చెట్టు గీసే స్టేషన్లు మసల్ (MUSCLE), ఫిలిప్ (PHYLIP). మసల్‌లో అలైన్‌మెంట్ (సీక్వెన్సులని ఒకదాని కింద ఒకటి సరిపోల్చి అమర్చడం) వచ్చాక చివర్లు సమానంగా కత్తిరించే బటన్ ఉంది. అది నొక్కకపోతే పొట్టి సీక్వెన్స్ ఉన్న పిల్లాడి మొక్క కారణం లేకుండా చెట్టులో దూరంగా వెళ్లి పడుతుంది. బయటి గుంపుగా ఒక దూరపు జాతిని కలపండి. నైబర్ జాయినింగ్, మాక్సిమమ్ లైక్లీహుడ్ రెండు పద్ధతుల చెట్లూ పక్కపక్కన పెట్టి ఎక్కడ విభేదిస్తున్నాయో అడిగితే చర్చ బాగా నడుస్తుంది. పరిశోధన పత్రానికి మాత్రం ఈ చెట్లు చాలవు, సెట్టింగులు మార్చుకునే వీలు తక్కువ.

మిగతా లైన్లు క్లుప్తంగా: ఎరుపు జన్యువుల గుర్తింపుకి, పసుపు పోలిన సీక్వెన్సులు వెతకడానికి, ఆకుపచ్చ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి, ఊదా సూక్ష్మజీవుల సమూహాలకి. డిగ్రీ పిల్లలకి ఎరుపు తర్వాత ఆపెయ్యవచ్చు. కేంద్రం వెబ్ పాఠాల్లో మెండెల్ నుంచి జీనోమ్ దాకా 41 భావనలుగా విడగొట్టిన వరుస ఒకటుంది, ల్యాబుకి ముందు రోజు చదివించడానికి సరిగ్గా సరిపోతుంది. పాత పేజీ ఏదైనా ఖాళీగా తెరుచుకుంటే మీ కంప్యూటర్ తప్పు కాకపోవచ్చు. 2020 చివర్లో ఫ్లాష్ ఆగిపోయింది, అప్పటి యానిమేషన్లు చాలావరకు దాని మీద చేసినవే.

ఇదే కేంద్రం విద్యార్థుల సొంత డీఎన్‌ఏతో చేసే ప్రయోగాలు కూడా ఇస్తుంది. బుగ్గ కణాల నుంచి 16వ క్రోమోజోమ్ మీది పీవీ92 అనే చోట ఆలూ (Alu) అనే డీఎన్‌ఏ ముక్క ఉందా లేదా చూడటం అందులో ఒకటి. అది ఏ రోగానికీ సంబంధం లేని చోటు, అందుకే ఎంచుకున్నారు. అయినా ట్యూబుల మీద పేర్లు కాకుండా సంఖ్యలే వేయండి, ఇష్టం లేనివాళ్లకి వేరే నమూనా ఇవ్వండి, అన్నదమ్ములని, అక్కచెల్లెళ్లని ఒకే జెల్ మీద పెట్టి పోల్చవద్దు. మానవ జన్యువుల పాఠం చెప్పే ముందు ఈ కేంద్రమే పెట్టిన యూజెనిక్స్ (‘మేలు రకం’ మనుషులనే పెంచాలన్న వాదం) ఉద్యమ చిత్రాల భాండాగారం చూపించాలి. 1910 నుంచి 1939 దాకా యూజెనిక్స్ రికార్డ్ ఆఫీస్ నడిచింది ఆ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోనే. తమ ఊరి మచ్చని తామే బయటపెట్టి పాఠంగా మలచిన సైన్స్ కేంద్రాలు ఎన్నో లేవు. మిక్లోస్ పనిలో ల్యాబు కిట్ల కన్నా ఇదే గట్టిదని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో బలముంది.

ఎవరు తీసుకోవాలి? థర్మల్ సైక్లర్, చిన్న సెంట్రిఫ్యూజ్, జెల్ బాక్స్, రెండు వేడి దిమ్మలు, మైక్రోపైపెట్లు ఉన్న కాలేజీ ఏదైనా. సైక్లర్ లేకపోతే ఈ పాఠం మొదలుపెట్టొద్దు, మూడు నీటి తొట్లతో చేతి పీసీఆర్ 35 చుట్లు ఏ పిల్లాడూ చెయ్యడు. అలాంటి చోట జెన్‌బ్యాంక్‌లో ఉన్న ఆర్‌బీసీఎల్ సీక్వెన్సులు దించుకుని, సబ్‌వే నీలం లైన్‌లో అలైన్‌మెంట్, చెట్టు భాగం మాత్రమే కంప్యూటర్ ల్యాబులో చేయించుకోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు క్లాసు మొత్తానికి ఒకే రకం మొక్క కాకుండా నాలుగు తెలిసిన మొక్కలు, ఒక తెలియనిది ఇవ్వండి. తెలిసినవి సరిగ్గా వస్తేనే తెలియని దాని పేరు నమ్మండి.